ముందురోజు సంగతి అడిగే మనిషి

మొన్న గురువారం పొద్దున తొమ్మిదీ నలభైకి మా ఇంటికి గ్యాసు బండి వచ్చింది. సిలిండరు దింపినతను రసీదు మీద సంతకం కోసం నిలబడి ఉండగా లోపల ఫోను మోగింది. కడప నుంచి. అవతల ఒక ఆడగొంతు, "నాయన రాత్రి పోయినారు సార్. ఆయన డైరీలో మీ నంబరు మొదటి పేజీలోనే ఉండాది, అందుకే చేస్తాండా" అంది. సరే అమ్మా అన్నాను. సిలిండరతను గుమ్మంలోనే ఉన్నాడు. సంతకం పెట్టి పంపించాను.

తొమ్మిదీ నలభై అని ఎట్లా తెలుసు? ఈ ప్రశ్న నాది కాదు, పోయినాయనది. ఎవరు ఏ టైము చెప్పినా ఆయన ఇలాగే అడిగేవారు. సుమారుగా అంటే సరే అనేవారు. కచ్చితంగా అంటే మాత్రం వదిలిపెట్టేవారు కాదు. నా టైము గ్యాసు రసీదు మీద అచ్చయి ఉంది. ఆయనకు ఈ జవాబు నచ్చేది.

ఆయన పేరు రాయను. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళ దేశం పేరూ రాయను, వాళ్ళ మనుషులు అక్కడ ఇంకా ఉన్నారు. దుబాయ్‌లో తెలుగువాళ్ళం ఆయన్ని పీపీ గారు అనేవాళ్ళం. కడప సెషన్స్ కోర్టులో చాలా ఏళ్ళు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా పనిచేసి, రిటైరయ్యాక అక్కడ దేరా అనే ప్రాంతంలో ఒక అరబ్బు లాయరు ఆఫీసులో కాగితాలు తయారుచేసే ఉద్యోగానికి వచ్చారు. ఎనభైల మొదటి సంవత్సరాలవి. నేను జగిత్యాల దగ్గరి పల్లెవాణ్ణి. ఇంగ్లీషు టైపు హయ్యర్ పాసై, అదే దేరాలో ఒక టైపింగు షాపులో పనిచేసేవాణ్ణి. వీసా దరఖాస్తులు, సెలవు చీటీలు, కఫీళ్ళకు, అంటే వీసా ఇచ్చిన యజమానులకు, విన్నపాలు.

ఒకరోజు ఆయన మా షాపుకు ఒక డ్రైవరు ఫిర్యాదు టైపు చేయించడానికి వచ్చారు. చేసిచ్చాను. నిలబడే చదివి, కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు.

"ఎవరప్పా నిర్దాక్షిణ్యంగా కొట్టింది?"

"ఫోర్‌మన్ సార్."

"నేను రెండు చెంపదెబ్బలని రాసిచ్చినా. నువ్వు నిర్దాక్షిణ్యం ఎక్కించినావు. అది ఎన్ని దెబ్బలు?"

"జర గట్టిగుంటదని రాసిన సార్. గట్ల రాస్తె కంపెనీ మేనేజర్లు, ముదీర్లు భయపడ్తరు."

"ముదీరు భయపడడు. రెండు దెబ్బలంటే ఎవురు చూసినారని అడుగుతాడు. నిర్దాక్షిణ్యం అంటే నవ్వుకుంటాడు."

మళ్ళీ టైపు చేయించారు. వెళ్ళేముందు, "వేళ్ళు మంచివే. తలకాయే జాస్తి పనిచేస్తాంది" అన్నారు. వారం తర్వాత మళ్ళీ వచ్చి శుక్రవారాలు ఖాళీయేనా అని అడిగారు.

అట్లా ఆ గదిలోకి వెళ్ళాను. లాయరు ఆఫీసు వెనక గది. బోర్డు పెట్టకూడదు, ఫోటోలు తీయకూడదు అనే షరతు మీద లాయరు దాన్ని శుక్రవారాలు ఇచ్చాడు. ఆరుగురు వచ్చేవారు. ఆరుగురూ ఒకప్పుడు తమ దేశంలో ప్రాసిక్యూటర్లు. అక్కడ యుద్ధం జరుగుతోంది. ఆ యుద్ధం చాటున ఒక జాతివాళ్ళని ఊరూరా వెతికి చంపుతున్నారు. వీళ్ళు తప్పించుకుని వచ్చి, ఒకరు స్కూల్లో లెక్కలు చెబుతూ, ఒకరు హోటల్లో రిజిస్టరు రాస్తూ బతుకుతున్నారు. ప్రాణాలతో బయటపడ్డ సాక్షులు రాస్ అల్ ఖైమా నుంచి కల్బా దాకా సైట్లలో, దుకాణాల్లో ఉన్నారు. వాళ్ళను వెతికి పట్టుకుని, ఏదో ఒకనాటికి ఏదో ఒక కోర్టులో నిలబడేలా వాంగ్మూలాలు రాయాలి. అది ఎలాగో ఈ కడప పీపీ గారు నేర్పాలి. నేను టైపు చేయాలి.

"ఇట్లాంటి కేసు నేనూ నడపలేదు" అని మొదటి రోజే చెప్పేశారట వాళ్ళకు. "నేను నడిపినవి ఊరి కక్షలు. కానీ సాక్షి యాడైనా సాక్షే." వాళ్ళతో మాట్లాడేది ఉర్దూలో. కడప ఉర్దూ. వాళ్ళు మొదట దానికే నవ్వేవాళ్ళు. ఆయన నవ్వనిచ్చేవారు.

గదిలోకి వస్తూనే సంచిలోంచి పాత నల్లకోటు తీసి బల్ల చివరి కుర్చీకి తగిలించేవారు. అందులో ఎవరూ కూర్చోకూడదు. ఆ కుర్చీ జడ్జి.

"ఈయన మీ దేశంవాడు కాదు. మీ భాష రాదు. మీవాళ్ళు చచ్చిపోయినారంటే ఈయనకు ఏడుపు రాదు. పొద్దున ఇంట్లో పోట్లాడి వచ్చినాడు, అన్నం టైము అయితాంది. ఇప్పుడు చెప్పండి, వింటాడు" అనేవారు.

నెల తిరిగేసరికి, నోరు తెరిచేముందు ఒక కంట కోటువైపు చూసుకోవడం అందరికీ అలవాటైంది. ఒకసారి వాళ్ళలో ఫరీద్ అనే అతను కోపం పట్టలేక లేచి నిలబడి కోటునే తిట్టాడు. పీపీ గారు తెగ సంతోషించారు. "తిట్టు తిట్టు. నిజం జడ్జీని తిడితే లోపలేస్తారు. ఇక్కడే కానిచ్చుకొని పో."

ఆరుగురిలో ఫరీద్ చిన్నవాడు. దేరాలో కార్ల స్పేర్ పార్టుల షాపులో ఉండేవాడు. అతని అన్న, వదిన, ముగ్గురు పిల్లలు ఒక చిన్న పట్నంలో పై పేట అనే చోట ఉండేవాళ్ళు. ఒక్క పొద్దుటిపూట ఆ పేట మొత్తం పోయింది. ఆ జిల్లా కమాండరు పేరు ప్రతి వాంగ్మూలంలో ఉండాలని ఫరీద్ పట్టుదల.

"చూసినావా?" అనేవారు పీపీ గారు.

"చూడాలా ఉస్తాద్? వాడి మాట లేకుండా అక్కడ ఆకు కదలదు. అందరికీ తెలుసు."

"ఈ 'అందరికీ తెలుసు' అనే ఆయన గురించి ముప్పై ఏండ్లుగా వింటాండా. ఒక్కసారి బోనెక్కమను, చూస్తా."

ఆ తర్వాత మామూలుగా తన ఊరి కథ మొదలుపెట్టేవారు. నేను కనీసం నాలుగుసార్లు విన్నాను, మాట మారేది కాదు. కడప జిల్లాలో ఒక ఊరు. పట్టపగలు ఒకాయన్ని నరికారు. నరికింది ముగ్గురు. చచ్చినాయన తమ్ముడు కంప్లైంటులో పద్నాలుగు పేర్లు రాయించాడు. మిగతా పదకొండు మంది ఆ ముగ్గురి మనుషులే కాబట్టి, ఎప్పటికైనా నరికేవాళ్ళే కాబట్టి. ఆ పక్క అది ఆనవాయితీ. ఆ పదకొండు మందిలో ఒకడు ఆ రోజు ఆస్పత్రిలో మంచం మీద ఉన్నాడు. డాక్టరు రిజిస్టరుతో సహా వచ్చి చెప్పాడు. ఆస్పత్రిలో ఉన్నవాడి చేతిలో కత్తి చూసిన సాక్షిని ఇంక దేంట్లో నమ్మాలి అని జడ్జి పద్నాలుగు మందినీ వదిలేశాడు.

"ఆ ముగ్గురూ కోర్టు మెట్ల మీద నాకు దండం పెట్టి పోయినారు" అని ఆగి నీళ్ళు తాగేవారు. "ఆ పేర్లు చూస్తానే నాకు అనుమానం వచ్చింది. తమ్ముణ్ణి పిలిచి అడగలా. కేసు బలంగా కనపడతాంది కదా అని ఊరుకున్నా."

గ్లాసు బల్ల మీద పెట్టి మళ్ళీ పాఠంలోకి వచ్చేవారు.

చంపడం నిరూపించడం కష్టం కాదు అనేవారు. శవాలుంటాయి, చూసినవాళ్ళుంటారు. కానీ ఒక జాతిని లేకుండా చేయాలని ముందే అనుకుని చంపారు అనేది వేరే నేరం. అనుకోవడాన్ని ఎవరు చూస్తారు? "అనుకున్నోడు మరుసటి రోజుకు ఏర్పాట్లు చేసుకుంటాడు గదా. అందుకని ముందురోజు సంగతి అడగండి. బడి పెట్టినారా? పిండిమర ఆడిందా? ఎవురినన్నా పని మీద బయటికి పంపినారా? సాక్షి చంపిన రోజు గురించే చెప్తాడు, ఆయనకు అదే కండ్ల ముందర ఉంటాది. మీరు ఒకరోజు వెనక్కి తీసుకపోవాల."

ఆయన అడిగే పద్ధతి వేరు. సాక్షికి ఎదురుగా కూర్చునేవారు కాదు, పక్కన కూర్చునేవారు, అదీ కొంచెం తక్కువ ఎత్తు కుర్చీలో. మొదటి గ్లాసు పాలు లేని సులేమానీ చాయ్ అయ్యేదాకా ఒక్క ప్రశ్న వేయరు. అయ్యో అనేవారు కాదు. సాక్షి గొంతు పూడుకుపోతే పీపీ గారి పెన్సిలు జారి కింద పడేది. బల్ల కింద దూరి దానికోసం వెతికేవారు, చాలాసేపు. ఆయన లేచేసరికి ఇవతల మనిషి ముఖం తుడుచుకుని కూర్చునేవాడు. ఒకసారి నేను ముందే వంగి పెన్సిలు తీసిచ్చాను. బల్ల కిందే నావైపు ఒక చూపు చూశారు. మళ్ళీ ఎప్పుడూ తీయలేదు.

ఇంక నేను చేసిన పని చెప్పాలి.

ఒక శుక్రవారం పీపీ గారికి జ్వరం. ఆ రోజే కల్బా నుంచి ఒక సాక్షి వచ్చాడు, రొట్టెలు కాల్చే మనిషి. యాభై దాటిన వయసు, మోచేతుల దాకా కాలిన మచ్చలు. అతను చనిపోయినవాళ్ళ జాతివాడు కాదు, చంపినవాళ్ళ జాతివాడు. ఫరీద్ అన్న ఉన్న పట్నంలోనే అతని పొయ్యి. ఆ పొద్దున పై పేట వీధి మలుపులో నిలబడి చూశాడు. మూడు గంటలు చెప్పాడు. ఫరీద్ ఆగకుండా ఇంగ్లీషులో రాసుకున్నాడు, పంతొమ్మిది కాగితాలు. నేను వాటిని నాలుగు పేజీలకు టైపు చేశాను. ఫరీద్ వాటిని వాళ్ళ భాషలో చదివి వినిపించాడు, రొట్టెలాయన సంతకం పెట్టాడు. చేతిరాత కాగితాలు చింపేశాను. మా షాపులో పద్ధతి అది, వచ్చినవాళ్ళ చిత్తుప్రతులు అక్కడ పడి ఉండకూడదు.

రెండు వారాల తర్వాత, పీపీ గారు కోలుకుని వచ్చి ఆ నాలుగు పేజీలు చదివారు. శుక్రవారమే, పొద్దున పూట. పెన్సిలు మూడో పేజీ మీద ఆగింది.

"ఈయన ఏం పని చేస్తాడు?"

"రొట్టెలు కాలుస్తడు సార్."

"రొట్టెలు కాల్చేవాడు మూడు గంటలు మాట్లాడి ఒక్కసారైనా రొట్టె మాట ఎత్తలేదా?"

నాకు వెంటనే గుర్తొచ్చింది. ఎత్తాడు. మొదటి ఆరేడు కాగితాలు రొట్టెల గురించే. మా షాపుకు వచ్చేవాళ్ళు ఇంటి సంగతులన్నీ చెబుతారు, బర్రె ఈనిన సంగతి కూడా. అందులోంచి ఆఫీసుకు కావలసింది ఏరి రాయడమే నా పని. అట్లాగే ఏరాను.

"అన్నడు సార్. అక్కెర లేని ముచ్చట అనుకున్న."

"అక్కర లేదని నీకెవురు చెప్పినారు?"

"ఎవ్వరు చెప్పలే."

"ఏమన్నాడు?"

"ముందురోజు పొద్దుగూకంగ మిలిటరీ గుమాస్తా పొయ్యి కాడికి వచ్చిండట. రేపు పై పేటకు రొట్టె వద్దు, పిండి కలపకు అని చెప్పి పోయిండట."

ఫరీద్‌కు తెలుగు రాదు కానీ నా ముఖం చూసి మూడో పేజీ లాక్కుని చదివాడు. అందులో రొట్టె మాట లేదని అతనికీ అర్థమైంది. ఆ రోజు చదివి వినిపిస్తున్నప్పుడు అతని మనసంతా అన్న ఇంటి దగ్గరే ఉంది, ఏం ఉందో ఏం లేదో చూసుకోలేదు. ఇన్ని నెలలుగా వెతుకుతున్నది ఇదే. చంపడానికి ముందు, రేపు ఆ పేటలో తినేవాళ్ళు ఉండరని తెలిసి చెప్పిన మాట. అది మా చేతికొచ్చింది, నేను చింపి బుట్టలో వేశాను.

ఫరీద్ నన్ను తిట్టలేదు. "చివరి పేజీ మీద ఆయన సంతకం ఉంది ఉస్తాద్. ఆయన చెప్పిన ప్రతి మాటా నాకు గుర్తుంది. ఈ ఒక్క పేజీ మార్చి పెడదాం. అబద్ధం కాదు కదా. ఖలాస్" అన్నాడు.

పీపీ గారు బల్ల చివర కుర్చీలోని కోటువైపు చూశారు. "పెడదాం. రేపు ఆయన రొట్టెలాయన్ను అడుగుతాడు, ఈ కాగితం నీకు చదివి వినిపించినప్పుడు రొట్టె మాట ఇందులో ఉండిందా అని. ఆయన లేదంటాడు. ఆ పూట నుంచి ఆయన చూసిందంతా మనం పుట్టించిందే అయితాది. మీ అన్న చచ్చిపోయింది కూడా మనం పుట్టించిందే అయితాది."

ఫరీద్ ఆ పేజీని మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. తర్వాత, "ఆయన రేపు వెళ్ళిపోతున్నాడు. ఏదో చలిదేశం వీసా ఇచ్చింది. పొద్దున విమానం" అన్నాడు.

"రేపు గదా. ఈరోజు ఉండాది. బండి తియ్యి, యల్లా."

స్పేర్ పార్టుల షాపు పికప్పులో ముగ్గురం ముందు సీట్లోనే కూర్చున్నాం. టైపురైటరు నా ఒళ్ళో. దారిలో ధైద్ అనే ఊళ్ళో జుమ్మా నమాజుకు ఆగారు. వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు, నేను బండి నీడలో నిలబడ్డాను. వచ్చేటప్పుడు పీపీ గారు నాకోసం చల్లటి లబన్ మజ్జిగ తెచ్చారు. కొండల్లో పడ్డాక ఇంజను వేడెక్కి రెండుసార్లు ఆగింది. ఆ దారంతా ఆయన నా తప్పు గురించి ఒక్క మాటా అనలేదు. కడపలో ఒక కోర్టు గుమాస్తా ఫైలును చెదలు తినేశాయని చెబితే చెదపురుగును హాజరుపరచమన్న జడ్జి కథ చెప్పారు. ఫరీద్ కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"ఎందుకప్పా అట్ల కూర్చున్నావు?"

"ఆయన మల్ల చెప్పనంటె ఎట్ల సార్?"

"చెప్పనంటే పోయింది. బలవంతంగా చెప్పించేదేమైనా ఉంటాదా?"

కల్బా చేరేసరికి మూడు దాటింది. సముద్రం ఒడ్డునుంచి రెండో వీధిలో బేకరీ. వెళ్ళిపోయే ముందురోజు కూడా ఆయన పొయ్యి ముందే ఉన్నాడు. మూలన తాడు కట్టిన సూట్‌కేసు. మమ్మల్ని చూసి సంతోషపడలేదు. ఫరీద్ వచ్చిన పని చెప్పాడు. రొట్టెలాయన తల అడ్డంగా ఊపి పొయ్యివైపు తిరిగాడు. ఆయనకు ఉర్దూ బాగానే వచ్చు, సైట్లలో నేర్చుకున్నది.

"ఒకసారి చెప్పాను. సంతకం పెట్టాను. ఇంకేం కావాలి?"

పీపీ గారు నావైపు తిరిగి తెలుగులో, "నువ్వే చెప్పు" అన్నారు.

నేను చెప్పాను. నాకు వచ్చిన హిందీలో. రొట్టె మాట తీసేసింది నేనే. ముఖ్యం కాదనుకున్నాను. కాగితాలు చింపేశాను. తప్పయింది.

ఆయన కర్ర గరిటె పక్కన పెట్టి నన్ను చూశాడు. "నువ్వా? ఆ రోజు వినిపించినప్పుడే గమనించాను, అందులో అది లేదని. మీరు దయతలచి తీసేశారనుకున్నాను."

"దయ ఎందుకు?" అన్నాను. నాకు అప్పటికీ అర్థం కాలేదు.

పీపీ గారికి అర్థమైంది. వెళ్ళి పిండిబస్తా మీద కూర్చున్నారు. "మీ వాయి కానివ్వండి. తర్వాత చూద్దాం" అన్నారు. కూర్చుని, పొయ్యి ఎంత లోతు అని అడిగారు. కర్రలా, నూనె పొయ్యా? పిండి ఎప్పుడు కలుపుతారు? రొట్టెలాయన మొదట ముభావంగా, తర్వాత పని తెలిసినవాడికి ఉండే ఓపికతో చెప్పసాగాడు. మీ ఊళ్ళో ఎట్లా చేసేవారు? పై పేటకు రోజూ ఎన్ని గంపలు పోయేవి? రెండు. ఎవరు మోసుకెళ్ళేవారు? నేనే. ఎవరింట్లో ఎక్కువ తీసుకునేవారు? ఆయన ఒక పేరు చెప్పాడు. అది ఫరీద్ అన్న పేరు. ముగ్గురు పిల్లలు కదా అన్నాడు.

ఫరీద్ రాస్తూనే ఉన్నాడు.

"ముందురోజు సాయంత్రం పిండి ఎంత కలిపినారు?" అన్నారు పీపీ గారు, అంతకుముందు ప్రశ్న అడిగిన గొంతుతోనే.

రొట్టెలాయన చేతికి అంటిన పిండి తుడుచుకోసాగాడు. పీపీ గారి పెన్సిలు పడింది. బస్తాల సందులోకి దొర్లింది. ఆయన వంగబోతే రొట్టెలాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండనివ్వండి" అని చెప్పడం మొదలుపెట్టాడు.

ఎండ ఎదురింటి గోడ సగానికి వచ్చినప్పుడు గుమాస్తా వచ్చాడు. ఒక్కడే. రోజూ సిపాయిల రొట్టెల కోసం వచ్చేవాడే. రేపు పై పేటకు రొట్టె వద్దు, పిండి కలపకు అన్నాడు. వెళ్ళిపోయాడు.

"ఎందుకని అడిగినారా?"

"లేదు."

"రాయి ఫరీద్. అడగలేదు."

"అది కూడా రాయాలా?" అన్నాడు రొట్టెలాయన. "నేను అడగలేదు. రెండు గంపలు తక్కువ కదా, పెందలాడే పడుకోవచ్చు అనుకున్నాను. పడుకున్నాను. పరుగెత్తి వెళ్ళి ఒక్క తలుపు కొట్టి ఉంటే... అది కూడా రాస్తారా? ఎప్పటికైనా నా కొడుకు చదువుతాడు దీన్ని."

"రాయకుండా కూడా ఉండొచ్చు" అన్నారు పీపీ గారు. "మీరు వద్దంటే రాయం. మొదటి కాగితమే ఉంటాది, అదీ నిజమే. కానీ ఒక సంగతి చెప్తా. గుమాస్తా మీద చెప్పినమాట ఎవరైనా కల్పించొచ్చు అంటారు. తన మీద తానే ఇట్లాంటిది కల్పించుకునేవాడు లేడు. మీరు పడుకున్న సంగతి రాస్తేనే, వాడు వచ్చిన సంగతి నమ్ముతారు."

రొట్టెలాయన ఫరీద్‌వైపు చూశాడు. "పిల్లల పినతండ్రివి నువ్వు. నువ్వు చెప్పు, రాయాలా?"

ఫరీద్ పెన్ను మూత పెట్టి మళ్ళీ తీశాడు. నేను టైపురైటరు మూత మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. రొట్టెలాయన వద్దంటే ఏమవుతుందో నాకు తెలుసు, ఎవరి వల్ల అవుతుందో కూడా తెలుసు.

"మీరు చెప్పింది రాస్తాను" అన్నాడు ఫరీద్ చివరకు. "చెప్పనిది రాయను. గుమాస్తా ఎవరి పేరైనా చెప్పాడా? కమాండరు పంపాడని?"

"లేదు. ఎవరి పేరూ చెప్పలేదు."

పీపీ గారు ఏమీ అనకుండానే ఫరీద్ ఆ మాటా రాశాడు. 'ఎవరి పేరూ చెప్పలేదు.'

"అయితే రాయండి" అన్నాడు రొట్టెలాయన.

పిండిబల్ల మీద జాగా చేసిచ్చాడు. ఆరు పేజీలు టైపు చేశాను. ఒక్క మాట తీయలేదు, ఒక్కటి కలపలేదు. 'పెందలాడే పడుకోవచ్చు అనుకున్నాను' దగ్గర నా వేళ్ళు ఆగాయి, అయినా కొట్టాను. మొదటి కాగితం ఎందుకు మార్చాల్సి వచ్చిందో కూడా పీపీ గారు చివరి పేరాలో రాయించారు, నా పేరుతో సహా. పాత నాలుగు పేజీలూ దానికే జతచేశారు. రొట్టెలాయన చేతులు కడుక్కుని ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాడు. తర్వాత మాకు పొయ్యిలోంచి తీసిన రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. మరునాడు పొద్దున వెళ్ళిపోయాడు.

దారిలో నేను, "నా పేరు ఎందుకు రాయించిన్రు సార్?" అని అడిగాను.

"తప్పు చేసినోడు దొరికితే కాగితానికి మంచిది" అన్నారు. కొంచెం సేపటికి, "నీకూ మంచిదే" అన్నారు. రొట్టె సగం తుంచి ఇచ్చారు.

ఆ వాంగ్మూలం వినే కోర్టు రాలేదు. యుద్ధం ఆగింది, ఇంకో యుద్ధం మొదలైంది. కల్బా నుంచి వచ్చాక పీపీ గారు కొత్త పని ఒకటి పెట్టారు. సాక్షులు ఒకరోజు తేడాతో చేజారిపోతారని ఆయనకు ఆ రోజు భయం పట్టుకుంది. ఏటా రంజాన్ పండుగ అయిన వారంలో సాక్షులందరికీ ఒక పండుగ కార్డు వేసేవాళ్ళం. లోపల ఒకే ప్రశ్న: ఇదే చిరునామాలో ఉన్నారా? "కోర్టు ఎప్పుడొస్తాదో మన చేతిలో లేదు. వచ్చినపొద్దు సాక్షి దొరకకపోతే అది మన తప్పు." జవాబులు రాగానే రిజిస్టరులో ఎక్కించేవాణ్ణి. పోయినవాళ్ళ పేరు ఎదురుగా, పోయారని ఎవరు చెప్పారో రాసేవాణ్ణి. రొట్టెలాయన ఏటా రాసేవాడు. ఒకసారి, 'అదే ఇల్లు. ఇక్కడి రొట్టె తినలేకపోతున్నాను' అని రాశాడు. పీపీ గారు ఆ కార్డును ఆ వారమంతా జేబులో పెట్టుకుని తిరిగారు.

ఆయన కడప వెళ్ళిపోయాక కార్డులు నేను, ఫరీద్ వేసేవాళ్ళం. నేనూ ఇంటికి వచ్చేశాక ఇక్కడినుంచే సగం వేసేవాణ్ణి.

రెండేళ్ళ కిందట కడప వెళ్ళి ఆయన్ని చూశాను. మంచం మీద ఉన్నారు. చూపు తగ్గింది. నా గొంతు గుర్తుపట్టి, "టైపురైటరు వచ్చినాడు" అని లోపలికి కేకేశారు. చాయ్ వచ్చింది. గ్లాసు అయ్యేదాకా ఏమీ అడగలేదు.

"ఈ ఏడు కార్డులు పోయినాయా?"

"పోలేదు సార్."

"నిరుడు?"

"నిరుడు సుత పోలే. మూడేండ్లయింది."

"ఎందుకని?"

"ఆపాలని ఆపలే సార్. ఒక ఏడు ఆలస్యమైంది. అటెన్క రాయబుద్ధికాలే, సిగ్గయింది."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. కొంచెంసేపు కళ్ళు మూసుకుని పడుకున్నారు.

"అదే రాసిపెట్టు" అన్నారు. "ఆపినామని రాయి. ఎప్పుడు ఆపినామో రాయి. రేపు ఎవురన్నా ఆ ఫైలు తెరిస్తే, అంతవరకే సరిచూసినారు, అవతల తెలీదు అని వాళ్ళకు తెలియాల."

రాస్తానని వచ్చాను. అప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. చివరిసారి కార్డులు వేసింది ఐదేళ్ళ కిందట, రంజాన్ పండుగ అయిన నాలుగో రోజున. పంతొమ్మిది వేశాం, ఏడింటికి జవాబు వచ్చింది. రొట్టెలాయన జవాబు ఆ ఏడింటిలో లేదు. ఆ తర్వాత ఎవరికీ కార్డు వేయలేదు.